రెండు మూడు క్లబ్బులు కలిసి ప్యాకెట్ రేడియో నెట్‌వర్క్ కట్టుకోవడం ఎలా?

ప్యాకెట్ రేడియో నోడ్ (సందేశాలు అందుకుని ముందుకు చేరవేసే స్టేషన్) ఒకటి పెట్టడం ఒక సెలవు రోజు పని. దాన్ని పక్క క్లబ్బు నోడ్‌తో కలిపి, ఆ లింకు మూడేళ్ల తర్వాత కూడా అంతే బాగా నడిచేలా చూసుకోవడానికి మాత్రం చాలా ఓపిక కావాలి. నేనిక్కడ రాసేది ఎక్కువగా ఆ రెండో పని గురించే. ఎందుకంటే నేను చూసినంతలో రేడియో పాడై ఆగిపోయిన లింకులు తక్కువ. పక్కవాళ్లతో ముందే మాట అనుకోకపోవడం వల్ల ఆగిపోయినవే ఎక్కువ.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మనం టైపు చేసిన మాటల్ని చిన్న చిన్న ఫ్రేములుగా విడగొట్టి, ఒక్కో దానికీ పంపేవారి కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), అందుకునేవారి కాల్‌సైన్ తగిలించి రేడియోలో పంపడమే ప్యాకెట్. అవతలి స్టేషన్ 'అందింది' అని జవాబివ్వాలి. ఇవ్వకపోతే మళ్లీ పంపుతాం. 1978లో కెనడా హ్యాములు (లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లు) మాంట్రియల్‌లో మొదలుపెట్టిన ఈ ప్రయోగాలు వాంకూవర్, టక్సన్ బృందాల చేతుల్లో పెరిగాయి. 1984లో ఏఎక్స్.25 అనే ప్యాకెట్ నియమావళి రెండో వెర్షన్ అచ్చయ్యాక అందరికీ ఒకే పద్ధతి కుదిరింది. ఇప్పటికీ వాడేది దాన్నే. మొదటి నుంచీ ఇది ఒంటరిగా చేసిన పని కాదు, గుంపుగా చేసిన పనే. మీరు కూడా అలాగే మొదలుపెట్టండి.

ముందు కూర్చుని మాట్లాడుకోండి

ఏ సామానూ కొనకముందు రెండు క్లబ్బులవాళ్లూ ఒక పూట కూర్చోండి. ఈ నెట్‌వర్క్ మీద ఏం నడపాలనుకుంటున్నారో తేల్చుకోండి. సభ్యులు ఒకరికొకరు ఉత్తరాలు వదులుకునే బీబీఎస్సా? ఫోన్లు, ఇంటర్నెట్ పడిపోయిన రోజున విన్‌లింక్ ద్వారా ఈమెయిల్ బయటికి పంపే దారా? లేక బళ్లూ మనుషులూ ఎక్కడున్నారో మ్యాపు మీద చూపించే ఏపీఆర్ఎస్సా? మొదటి రెండూ ఒకే నోడ్ మీద హాయిగా ఇముడుతాయి. ఏపీఆర్ఎస్‌ని మాత్రం దాని ఫ్రీక్వెన్సీలోనే ఉండనివ్వండి. అది జవాబు కోసం ఆగకుండా అందరికీ వినిపించేలా చాటే పద్ధతి. కనెక్షన్ పెట్టుకుని మాట్లాడుకునే స్టేషన్లతో ఒకే చానల్లో పెడితే రెండూ పాడవుతాయి.

అదే రోజు మీ దేశపు లైసెన్సు నిబంధనలు తెరిచి రెండు విషయాలు చూసుకోండి. మనిషి దగ్గర లేకుండా స్టేషన్ దానంతటదే ట్రాన్స్‌మిట్ చేయవచ్చా, చేయాలంటే ఏ అనుమతి కావాలి అన్నది మొదటిది. బయటివాళ్ల సందేశాలు మోయవచ్చా అన్నది రెండోది. హ్యామ్ బ్యాండ్లలో సందేశం అర్థం దాచేలా ఎన్‌క్రిప్ట్ చేయడానికి దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. కాబట్టి నోడ్‌లోంచి వెళ్లే ప్రతి అక్షరాన్నీ ఎవరైనా చదవగలరని సభ్యులందరికీ మొదటి రోజే చెప్పండి. ఎవరి ఆరోగ్యం సంగతో ఇంటి సంగతో అందులో రాసేముందు ఆలోచించుకుంటారు.

దారి ఉందో లేదో చెవులతో తేల్చుకోండి

వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే వెళ్తాయి. చేతి లెక్క ఇది: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో చూపు ఎన్ని కిలోమీటర్లు ఆనుతుందో వస్తుంది. 25 మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నాకి సుమారు 20 కిలోమీటర్లు. రెండు వైపులా అంతే ఎత్తుంటే 40. అయితే ఇది చదునైన నేల లెక్క. మధ్యలో గుట్ట ఉంటే ఎత్తుల మ్యాపు మీద గీత గీసి చూడాలి.

లెక్క కుదిరాక రెండు చోట్లా మనుషులు నిలబడి, నోడ్‌కి వాడబోయే పవర్‌తోనే ఎఫ్ఎంలో మాట్లాడుకోండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. మాట వెనక 'స్‌స్' అనే హోరు కొంచెం కూడా ఉండకూడదు. హోరులో కూడా మాట మన చెవికి అర్థమవుతుంది. ఏఎక్స్.25కి అంత ఓర్పు లేదు, ఒక్క బిట్టు తప్పినా ఫ్రేమంతా పారేస్తుంది. ఇప్పుడు ఐఎల్2పీ లాంటి పద్ధతులు తప్పుల్ని కొంతవరకూ అక్కడికక్కడే దిద్దుతాయి. రెండు వైపులా అది నడిచే సామాను ఉంటే తప్పకుండా వాడండి. కానీ చెడ్డ దారిని దానితో బాగుచేయొచ్చని మాత్రం అనుకోవద్దు.

జనం వచ్చే చానల్ వేరు, నోడ్లు మాట్లాడుకునే చానల్ వేరు

ఈ ఒక్క విషయం దగ్గర కొంచెం ఆగండి. ప్యాకెట్ స్టేషన్ ఏదైనా ముందు చానల్ విని, ఖాళీగా ఉంటేనే ట్రాన్స్‌మిట్ చేస్తుంది. కొండ మీద నోడ్ ఉందనుకోండి. దానికి తూర్పు వైపు ఒక సభ్యుడు, పడమర వైపు ఒక సభ్యురాలు. ఇద్దరూ కొండకు వినిపిస్తారు, ఒకరికొకరు వినిపించరు. తూర్పాయన పంపుతుండగా పడమరావిడ రేడియోకి చానల్ ఖాళీగానే కనబడుతుంది, ఆమెదీ మొదలవుతుంది. కొండ మీద రెండు ఫ్రేములూ ఢీకొని రెండూ పోతాయి. ఇద్దరూ మళ్లీ పంపుతారు, మళ్లీ ఢీకొంటారు. దీనికి తోడు పక్క క్లబ్బు నోడ్ కూడా అదే చానల్లో ఉత్తరాల మూటలు దింపుతుంటే సాయంత్రమంతా ఒక్క ఉత్తరం కూడా కదలదు.

అందుకే సభ్యులు కనెక్ట్ అయ్యే చానల్ ఒక బ్యాండులో, నోడుకీ నోడుకీ మధ్య లింకు ఇంకో బ్యాండులో పెట్టండి. సాధారణంగా 2 మీటర్ల బ్యాండు జనానికి, 70 సెంటీమీటర్ల బ్యాండు లింకుకి. లింకు ఫ్రీక్వెన్సీలో సరిగ్గా రెండే స్టేషన్లు ఉండాలి, ఒకదానివైపు ఒకటి తిప్పిన యాగీ యాంటెన్నాలతో. మూడో క్లబ్బు వచ్చి చేరితే ఆ లింకుకి వేరే ఫ్రీక్వెన్సీ ఇవ్వండి. రేడియోలు ఎక్కువ కావాల్సి వస్తుంది, నిజమే. మొదట్లో సరిపోకపోతే ఒకే చానల్లో మొదలుపెట్టండి కానీ, రెండో రేడియో వచ్చే దారి ముందే ప్లాన్‌లో రాసుకోండి.

దూరం పెరగాలంటే డిజిపీటర్లు పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. డిజిపీటర్ విన్నదాన్ని విన్నట్టే తిరిగి పంపుతుంది, అంతే. 'అందింది' అన్న జవాబు చివరి స్టేషన్ నుంచి మొదటి స్టేషన్ దాకా రావాలి. ఒక్కో అంగలో, అంటే ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి, ఫ్రేము చేరే అవకాశం నూటికి 80 అనుకోండి. మూడు అంగలు దాటేసరికి అది 51. జవాబు కూడా అదే దారిన తిరిగొచ్చేసరికి మిగిలేది 26. అంటే సుమారుగా నాలుగుసార్లు పంపితే ఒక్కసారి పని పూర్తవుతుంది. నోడ్ అలా కాదు, ప్రతి అంగలోనూ జవాబు అక్కడికక్కడే ముగించుకుంటుంది. ఎక్కడ ఫ్రేము పోతే అక్కడే మళ్లీ పంపుతుంది. అందుకే క్లబ్బుల మధ్య నోడ్లే పెట్టండి.

రెండు నోడ్లనూ ఒకే బల్ల మీద పెట్టి నడపండి

రేడియోకి ఖరీదైన మోడలే కావాలని లేదు. వెనక డేటా పోర్టు ఉన్న పాత మొబైల్ ఎఫ్ఎం సెట్టు చక్కగా సరిపోతుంది. మోడెమ్ పనికి, అంటే డేటాని టోన్లుగా, టోన్లని డేటాగా మార్చడానికి, కిస్ మోడ్‌లో (ఫ్రేముల పని కంప్యూటర్‌కి వదిలేసే పద్ధతి) నడిచే టీఎన్‌సీ పెట్టె గానీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద సౌండ్‌కార్డుతో నడిచే డైర్‌వుల్ఫ్ సాఫ్ట్‌వేర్ గానీ పెట్టుకోవచ్చు. నోడ్, బీబీఎస్ పనికి లిన్‌బీపీక్యూ సాఫ్ట్‌వేర్. కాల్‌సైన్ వెనక 0 నుంచి 15 దాకా ఎస్ఎస్ఐడీ అంకె పెట్టుకోవచ్చు కాబట్టి నోడ్‌కి ఒకటి, బీబీఎస్‌కి ఒకటి, చాట్‌కి ఒకటి అని పంచుకోండి. ఏ అంకె దేనికో క్లబ్బులన్నీ ఒకే వరస పాటిస్తే కొత్త సభ్యులు ఏ ఊరి నోడ్‌లోనైనా తికమక పడరు.

బాడ్ అంటే డేటా వెళ్లే వేగం. 1200 బాడ్ అంటే 1200, 2200 హెర్ట్జ్ టోన్లు. మామూలు మైకు, స్పీకరు దారిలో కూడా వెళ్లిపోతాయి. 9600 అలా వెళ్లదు. మైకు, స్పీకరు దారిలోని ఫిల్టర్లు దాన్ని కోసేస్తాయి, డేటా పోర్టు తప్పనిసరి. నా సలహా: సభ్యుల చానల్ 1200లో ఉంచండి, లింకు 9600కి తీసుకెళ్లండి. కానీ ముందు 1200లో లింకు గట్టిపడ్డాకే.

ఎక్కువమంది తప్పు చేసేది శబ్దం స్థాయి దగ్గర. గట్టిగా పంపితే బాగా అందుతుందనుకుంటాం. డీవియేషన్ (శబ్దానికి తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూఇటూ జరిగే మేర) హద్దు దాటితే టోన్లు చిట్లిపోయి అవతల ఏమీ డీకోడ్ కాదు. కొలిచే సాధనం ఉంటే 3 నుంచి 3.5 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి. లేకపోతే ఇంకో రేడియోలో మీ టోన్ వింటూ స్థాయి మెల్లగా పెంచండి. ఒక చోటికొచ్చాక ఎంత పెంచినా అవతల శబ్దం పెరగదు, రేడియోలోని లిమిటర్ పట్టేసిందన్నమాట. అక్కడి నుంచి సగం దాకా తగ్గించండి. అందుకునే వైపు డైర్‌వుల్ఫ్ ప్రతి ఫ్రేముకీ ఆడియో స్థాయి చూపిస్తుంది. అది 50 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. అందుకునే రేడియోలో స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దం మూసేసే ఏర్పాటు) పూర్తిగా తెరిచి ఉంచండి. బ్యాటరీ సేవర్ ఆపేయండి.

తర్వాత టీఎక్స్‌డిలే. ట్రాన్స్‌మిటర్ ఆన్ అయ్యాక డేటా మొదలయ్యేలోపు ఎంతసేపు ఆగాలో చెప్పే అంకె ఇది. ఒక్కో అంకె 10 మిల్లీసెకన్లు. 30తో, అంటే 300 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, ఫ్రేములు తప్పడం మొదలయ్యేదాకా మెల్లగా తగ్గించండి. తప్పిన చోటు నుంచి కాస్త వెనక్కి రండి. ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. కానీ 1200 బాడ్‌లో 256 బైట్ల ఫ్రేము ఒకటి వెళ్లడానికి దాదాపు 1.8 సెకన్లు పడుతుంది. చిన్న జవాబు ఫ్రేములకైతే ఈ ఆగడమే అసలు డేటా కంటే ఎక్కువసేపు చానల్ని తినేస్తుంది. ఎవరో ఒకరు 800 మిల్లీసెకన్లు పెట్టుకుని కూర్చుంటే ఆ భారం అందరి మీదా పడుతుంది.

ఇవన్నీ కుదిరాక రెండు నోడ్లనీ ఒకే గదిలో, తక్కువ పవర్‌లో, డమ్మీ లోడ్లతో (యాంటెన్నా బదులు తగిలించి పవర్‌ని బయటికి పోనివ్వనివి) వారం రోజులు వదిలేయండి. వాటి మధ్య రోజూ ఉత్తరాలు తిప్పండి. బల్ల మీద తప్పేది కొండ మీద ఇంకా ఎక్కువ తప్పుతుంది. పైకెక్కి వెతకడం కంటే ఇక్కడే వెతుక్కోవడం నయం.

దారుల పట్టికని గాలికి వదిలేయొద్దు

నోడ్లు నెట్‌రోమ్ పద్ధతిలో తమకు తెలిసిన దారులన్నీ ఒకదానికొకటి చాటుకుంటాయి. ప్రతి దారికీ 0 నుంచి 255 దాకా క్వాలిటీ అంకె ఉంటుంది. రెండు అంగల దారికి ఆ రెండు అంకెల్నీ గుణించి 256తో భాగిస్తారు. ఒక్కోటి 200 ఉన్న రెండు మంచి లింకులు కలిస్తే 156 అవుతుంది. ఇప్పుడు అదే గమ్యానికి నేరుగా, మధ్యమధ్య మాత్రమే వినిపించే ఒక బలహీనమైన దారి ఉందనుకోండి. దానికి ఎవరూ అంకె మార్చకుండా 192 వదిలేస్తే, నోడ్ మంచి దారిని వదిలి ఆ చెడ్డ దారినే పట్టుకుంటుంది. సభ్యులు మాత్రం కనెక్ట్ అవుతోంది కానీ ఏమీ రావట్లేదని అంటుంటారు.

కొన్ని రాత్రులు వాతావరణం అనుకూలించి, మామూలుగా వినిపించని దూరపు నోడ్లు కూడా వినిపిస్తాయి. అప్పుడు విన్న దారుల్ని మీ నోడ్ నమ్మేసి పట్టికలో రాసుకుంటుంది. తెల్లారేసరికి ఆ స్టేషన్ వినబడదు, పట్టికలో దారి మాత్రం కాసేపు అలాగే ఉంటుంది. దీనికి మందు ఒకటే. మీ అసలు పొరుగు నోడ్లని లాక్ చేసి, అనుకున్న క్వాలిటీ అంకెని చేత్తో రాయండి. కనీస క్వాలిటీ హద్దు పెట్టి, అంతకంటే తక్కువవాటిని తీసుకోవద్దని చెప్పండి. ఆ అంకె లింకు రెండు చివర్లా ఒకటే ఉండాలి. మీరు 200 అని, పక్కవాళ్లు 120 అని రాసుకుంటే వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి అవుతుంది. అందుకే ఈ అంకెల్ని నేను సెట్టింగులుగా చూడను, క్లబ్బుల మధ్య ఒప్పందంగానే చూస్తాను.

కేబుల్, కనెక్టర్, కరెంటు

మా లింకు ఒకటి వాన వచ్చినప్పుడల్లా మందగించి, ఎండ రాగానే బాగయ్యేది. రెండు నెలలు సాఫ్ట్‌వేర్‌లోనే వెతికాం. చివరికి పైకెక్కి యాంటెన్నా దగ్గరి కనెక్టర్ విప్పితే లోపలి నుంచి రెండు చుక్కల పచ్చటి నీళ్లు వేలి మీద పడ్డాయి. చుట్టిన టేపు పైకి చక్కగానే ఉంది, కింది అంచు మాత్రం విచ్చుకుంది. అప్పటి నుంచి తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టి, దాని మీద మామూలు టేపు వేస్తున్నాం. కేబుల్ లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదులుతున్నాం, నీళ్లు అక్కడే జారిపోవడానికి.

సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వేస్తే 2 మీటర్ల బ్యాండులో మీ పవర్ నాలుగో వంతు దగ్గరికి పడిపోతుంది. 70 సెంటీమీటర్లలో ఇంకా ఘోరం. రేడియో పవర్ పెంచే ముందు కేబుల్ మార్చండి. మేలైన కేబుల్ వినడానికి కూడా సాయపడుతుంది, పవర్ పెంచడం వినడానికి సాయపడదు.

బ్యాటరీ లెక్క ఇలా వేయండి. వింటున్నప్పుడు రేడియో 0.4 ఆంపియర్లు, కంప్యూటర్ 12 వోల్టుల మీద ఇంకో 0.4, ట్రాన్స్‌మిట్‌లో 4 ఆంపియర్లు కానీ పదింట ఒక వంతు సమయమే, కాబట్టి సగటున మరో 0.4. మొత్తం 1.2 ఆంపియర్లు, రోజుకి దాదాపు 29 ఆంపియర్ అవర్లు. మూడు రోజులు నిలవాలంటే 90 దాకా కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికంటే ఎక్కువ దించకూడదు కాబట్టి దానికి రెట్టింపు. మీ రేడియో అసలు అంకెలు మీటర్ పెట్టి కొలిచి ఇదే లెక్కలో వేయండి.

ట్రాన్స్‌మిటర్ టైమ్‌అవుట్ మర్చిపోవద్దు. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయి పీటీటీ (ట్రాన్స్‌మిట్ మీట) నొక్కినట్టే ఉండిపోతే ఒక్క నోడ్ చాలు, ఆ చానల్ మొత్తం మూగబోతుంది. రేడియోలో ఉన్న టైమ్‌అవుట్‌ని అన్నిటికన్నా తక్కువకి పెట్టండి. కంప్యూటర్‌లో వాచ్‌డాగ్ (బిగుసుకుపోతే తిరిగి మొదలుపెట్టించేది) పెట్టండి. పిడుగు కోసం ఎర్తింగ్ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి.

ఒక్క కాగితం మీద ఒప్పందం

ఇది వదిలేసే క్లబ్బులే ఎక్కువ, నేను మాత్రం దీన్ని అన్నిటికన్నా ముఖ్యం అంటాను. ఒక్క పేజీ చాలు. ఏ లింకు ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ స్పీడులో, రెండు వైపులా ఏ క్వాలిటీ అంకెతో. సైటు తాళం ఎవరెవరి దగ్గర ఉంది. సామాను ఏది ఏ క్లబ్బుది. ఇంటర్‌ఫియరెన్స్ ఫిర్యాదు వస్తే నోడ్‌ని వెంటనే ఆపే అధికారం ఎవరికి ఉంది. నోడ్ పాస్‌వర్డు, సెట్టింగ్స్ ఫైలు కాపీ ప్రతి క్లబ్బులో కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. సైటు అనుమతి పత్రం వీలైనంతవరకూ క్లబ్బు పేరు మీదే తీసుకోండి. ఒక సభ్యుడి పేరు మీద ఉంటే ఆయన ఊరు మారినప్పుడు నోడ్ కూడా దిగిపోతుంది.

ఒక నియమం పెద్దక్షరాలతో రాయండి: పక్క క్లబ్బుకి చెప్పకుండా లింకు సెట్టింగ్ ఏదీ మార్చకూడదు. మార్చినప్పుడు తేదీ, పాత అంకె, కొత్త అంకె, ఎందుకు మార్చారో ఒక పుస్తకంలో రాయాలి. తర్వాత ఏదైనా తేడా వస్తే ముందు తెరిచేది ఆ పుస్తకాన్నే.

మనుషులు రాకపోతే నోడ్ ఎందుకు

కొత్త సభ్యుల్ని మొదటిసారి మీరే పక్కన కూర్చుని కనెక్ట్ చేయించండి. నోడ్ స్వాగత సందేశం రెండు లైన్లు మించనివ్వొద్దు. నింపాదిగా వచ్చే 1200 బాడ్‌లో పొడుగాటి స్వాగతం చూసి చాలామంది అక్కడి నుంచే వెళ్లిపోతారు. వారానికో రోజు, ఒక గంట చాట్ నెట్ పెట్టుకోండి. ఆ గంటలో లింకు ఎలా ఉందో సభ్యులే చెప్తారు.

ఉత్తరాలు చిన్నగా ఉండాలని ముందే చెప్పండి. 100 కిలోబైట్ల ఫొటో ఒకటి 1200 బాడ్‌లో, ఏ అడ్డంకీ లేకపోయినా, 11 నిమిషాలకు పైనే పడుతుంది. మళ్లీ పంపడాలూ ఆగడాలూ కలిపితే అంతకు ఎంతో ఎక్కువ. బీబీఎస్‌లో సైజు హద్దు పెట్టండి. ఎక్కడెక్కడి బులెటిన్లో తెచ్చుకుని లింకు నింపేసే కంటే మీ సభ్యులు చదివే వర్గాలే తీసుకోండి.

రేడియో దారి దొరకని చోట రెండు నోడ్లనీ ఇంటర్నెట్ టన్నెల్‌తో కలపొచ్చు. హ్యాముల కోసం 1981లోనే 44తో మొదలయ్యే ఐపీ అడ్రసుల్ని కేటాయించారు. 2019లో కొంత భాగం అమ్మేసినా మిగతాది ఇప్పటికీ లైసెన్సున్న హ్యాములు అడిగి తీసుకోవచ్చు. టన్నెల్ పెట్టడంలో తప్పులేదు. కానీ ఏ లింకు గాలిలో వెళ్తోందో, ఏది వైరులో వెళ్తోందో మీ మ్యాపులో వేరే రంగులతో చూపించండి.

మూడు నెలలకోసారి ఒక ఆదివారం పొద్దున అన్ని నోడ్ల దగ్గరా ఇంటర్నెట్ వైరు, మెయిన్స్ ప్లగ్గు రెండూ పీకేయండి. ఈ చివరి క్లబ్బు నుంచి ఆ చివరి క్లబ్బుకి ఒక ఉత్తరం పంపి, జవాబు తెప్పించుకోండి. పంపిన సమయం, అందిన సమయం, ఏ నోడ్ దగ్గర ఎంతసేపు ఆగిందో, సాయంత్రానికి ఒక్కో బ్యాటరీ ఎన్ని వోల్టులు ఉందో పుస్తకంలో రాయండి. అన్నిటికంటే ఎక్కువసేపు ఆగిన చోటుకి వచ్చే ఆదివారం నిచ్చెన తీసుకుని వెళ్లండి. రెండు క్లబ్బుల నుంచీ కనీసం ఒక్కొక్కరు ఉండాలి.